పాట వైరల్ అయింది, పేరెక్కడ పోయింది?

మా హాస్టల్ మూడో అంతస్తులో ఒక గాయకుడున్నాడు. నా రూమ్మేటే. ఈసీఈ మూడో సంవత్సరం. జగిత్యాల వైపు పల్లెటూరు. నాట్లప్పుడు వాళ్ళ అమ్మ, పెద్దమ్మలు పాడే పాటలు వింటూ పెరిగాడు. బాత్రూంలో పాడితే ఫ్లోర్ మొత్తం బకెట్లు పక్కనపెట్టి వింటుంది. పోయినేడాది వాడే ఒక పాట రాసుకుని బాణీ కట్టుకున్నాడు. కరీంనగర్ బస్సెక్కి కోచింగ్‌కి వెళ్ళిపోయిన మరదలి మీద పాట. ఫెస్ట్‌లో పాడితే "వన్స్ మోర్" అని ఆడిటోరియం గోల చేసింది. ఇంకేముంది, వీడియో తీద్దామన్నాం.

ఆరుగురం చందాలేసుకున్నాం. స్టూడియోలో రికార్డింగ్, మిక్సింగ్‌కి 9,000. రెండు రోజులకి కెమెరా, డ్రోన్ 14,000. డాన్స్ మాస్టర్‌కి, అమ్మాయిలిద్దరికి కలిపి 8,000. బట్టలు, భోజనాలు, బండి డీజిల్ 7,000. మొత్తం 38,000 రూపాయలు. మాకు సొంత ఛానల్ లేదు కాబట్టి జానపద పాటలు వేసే ఒక ఛానల్ వాళ్ళకి ఇచ్చాం. ఒక పేజీ కాగితం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాడు.

రెండు నెలల్లో 12 లక్షల వ్యూస్! మెస్‌లో వడ్డించే అన్న కూడా హమ్ చేస్తున్నాడు. వీడు ఛానల్ వాళ్ళకి ఫోన్ చేశాడు. "అన్నా, పైసలెప్పుడొస్తయే?" "పైసలేంది తమ్మీ, నీకు పేరు వస్తున్నది గదా!"

వీడియో తెరిచి చూశాం. టైటిల్‌లో ఛానల్ పేరుంది, డాన్స్ చేసిన అమ్మాయి పేరుంది. పాడినవాడి పేరు కోసం డిస్క్రిప్షన్‌లో "ఇంకా చూపించు" అన్నది నొక్కి, కింద దాకా వెళ్ళాలి. అక్కడ కూడా ఇంటిపేరు తప్పు పడింది.

ఆ రాత్రి నుంచి నాకొకటే డౌట్. అసలు మ్యూజిక్ వీడియో ఎందుకు తీస్తారు? పేరు కోసమా, డబ్బు కోసమా? ఎవరి పేరు, ఎవరి డబ్బు? కొంచెం చదివాను, కొంతమందిని అడిగాను. తెలుసుకున్నది మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

మొదట్లో వీడియో అంటే ఖర్చే

పాటకి వీడియో అనేది ముందు ఒక ప్రకటన. సబ్బుకి యాడ్ ఎలాగో, పాటకి వీడియో అలాగ. 1975లో క్వీన్ అనే బ్రిటిష్ బ్యాండ్ 'బొహీమియన్ రాప్సొడీ' పాట విడుదల చేసింది. దాదాపు 6 నిమిషాల పాట. టూర్‌లో ఉండి టీవీ ప్రోగ్రాంకి వెళ్ళి పాడటం కుదరక, ఒక వీడియో తీసి పంపారు. మనిషి వెళ్ళలేని చోటికి వీడియో వెళ్ళింది. ఆ పాట బ్రిటన్‌లో వరసగా 9 వారాలు నంబర్ వన్‌గా ఉంది.

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైంది. రోజంతా పాటల వీడియోలే వేసే ఛానల్. తమాషా ఏంటంటే, మొదట్లో ఆ వీడియోల కోసం ఎంటీవీ డబ్బులిచ్చేది కాదు. రికార్డు కంపెనీలే సొంత ఖర్చుతో తీయించి ఊరికే ఇచ్చేవి. టీవీలో చూసినవాడు షాపుకెళ్ళి క్యాసెట్టో రికార్డో కొంటాడని లెక్క. అంటే వీడియో ఖర్చు పద్దులో, రికార్డు ఆదాయం పద్దులో ఉండేవన్నమాట. చాలా ఒప్పందాల్లో ఆ వీడియో ఖర్చులో కొంత భాగాన్ని గాయకుడికి రావాల్సిన రాయల్టీలో నుంచే కోసుకునేవాళ్ళు. తన ప్రకటనకి తనే డబ్బు కట్టుకున్నట్టు!

ఈ లెక్క మార్చిన పేరు మైకేల్ జాక్సన్. 1983 డిసెంబరులో వచ్చిన 'థ్రిల్లర్' వీడియో దాదాపు 14 నిమిషాలు. ఆల్బం వచ్చి అప్పటికే ఏడాది దాటింది. మళ్ళీ అంత ఖర్చు దేనికని కంపెనీ ముందుకు రాలేదు. అప్పుడు వాళ్ళేం చేశారంటే, ఆ వీడియో ఎలా తీశారో చూపించే డాక్యుమెంటరీ ఒకటి తీసి, దాని హక్కులు టీవీ ఛానళ్ళకి అమ్మి డబ్బు సమకూర్చుకున్నారు. తర్వాత దాన్నే క్యాసెట్‌గా జనానికి అమ్మారు. వీడియో ప్రకటన మాత్రమే కాదు, అదే ఒక సరుకు అని ఆ రోజుల్లోనే తేలిపోయింది.

మన దగ్గర కథ వేరు

మనకి పాట అంటే సినిమా పాటే. మన అమ్మానాన్నల తరం శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం కాచుకుని కూర్చునేది. ఆ పాటలు సినిమా కోసం తీసినవే. మధ్యలో స్మిత 'హాయ్ రబ్బా' లాంటి ప్రైవేట్ ఆల్బం పాటలొచ్చినా, సినిమా పాట ముందు అవి చిన్న పాయే.

సినిమా పాట వీడియో ఎవర్ని ప్రమోట్ చేస్తుంది? ముందు సినిమాని, హీరోని. 2011 నవంబరులో '3' అనే తమిళ సినిమా నుంచి 'వై దిస్ కొలవెరి డి' వచ్చింది. సెట్టింగుల్లేవు, డాన్సుల్లేవు. స్టూడియోలో పాట రికార్డు చేస్తున్న దృశ్యాలే. తమిళం రాని కాలేజీల్లో కూడా అదే పాట. సినిమా 2012 మార్చిలో వచ్చింది. పాటకొచ్చినంత పేరు సినిమాకి రాలేదు గానీ, అనిరుధ్ అనే కొత్త సంగీత దర్శకుడు మాత్రం దేశమంతా తెలిసిపోయాడు. సినిమా కోసం వేసిన ప్రకటన సంగీత దర్శకుడికి పనికొచ్చిందన్నమాట.

ఆ తర్వాత మన దగ్గర లిరికల్ వీడియో రివాజైంది. 'అల వైకుంఠపురములో' సినిమా 2020 సంక్రాంతికి వచ్చింది, 'సామజవరగమన' లిరికల్ మాత్రం 2019 సెప్టెంబరులోనే వచ్చేసింది. అందులో సిద్ శ్రీరామ్ పాడుతూ కనిపిస్తాడు, తమన్ కనిపిస్తాడు, వాద్యాలు వాయించేవాళ్ళు కనిపిస్తారు, సిరివెన్నెల గారి అక్షరాలు తెర మీద కదులుతాయి. అంతకుముందు గాయకుడంటే గొంతు మాత్రమే, ముఖం హీరోది. లిరికల్ వీడియో గాయకుడికి ముఖం ఇచ్చింది. ఇది నాకు చాలా పెద్ద మార్పు అనిపిస్తుంది.

ఆడియో కంపెనీ వైపు నుంచి చూస్కుంటే ఇంకో లాభముంది. ఒకే పాట ముందు లిరికల్‌గా, సినిమా వచ్చాక ఫుల్ వీడియోగా, తర్వాత అన్ని పాటలూ కలిపి జ్యూక్‌బాక్స్‌గా వస్తుంది. ఒకసారి కొన్న హక్కులకి మూడు చోట్ల వ్యూస్.

యూట్యూబ్ వచ్చాక వీడియోనే షాపు

క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి. ఇప్పుడు వీడియో చూసి షాపుకెళ్ళేవాడు లేడు, చూడటమే కొనడం. 2007లో యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రాం మొదలుపెట్టి, ప్రకటనల డబ్బులో వాటా ఇవ్వడం ప్రారంభించింది. ఇప్పుడు మామూలు నిడివి వీడియోలకైతే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానల్‌కి, మిగతాది యూట్యూబ్‌కి.

ఇది ఎంత పెద్ద బజారో 'గంగ్నమ్ స్టైల్' చూపించింది. సై అనే కొరియా గాయకుడి పాట, 2012 జులైలో వచ్చి డిసెంబరుకల్లా 100 కోట్ల వ్యూస్ దాటింది. యూట్యూబ్‌లో ఆ మైలురాయి దాటిన మొదటి వీడియో అదే. 2014 డిసెంబరుకి వ్యూ కౌంటర్‌కే ఇబ్బందొచ్చింది. మన సీ ప్రోగ్రామింగ్ క్లాసు గుర్తుందా? 32 బిట్ల సైన్డ్ ఇంటిజర్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఒక పాట అంతకు మించి పోతుందని ఎవరూ అనుకోలేదు. కౌంటర్‌ని 64 బిట్లకి మార్చాల్సి వచ్చింది.

కానీ ఫ్రెండ్స్, మనందరం గంగ్నమ్ కాదు కదా. మా రూమ్ లెక్క చూద్దాం.

కొత్త ఛానల్‌కి ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లుండాలి, గడిచిన 12 నెలల్లో జనం 4,000 గంటలు చూసుండాలి (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్). 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. 4 నిమిషాల పాటని అందరూ చివరిదాకా చూస్తే 60,000 వ్యూస్ చాలు. కానీ సగంలో వెళ్ళిపోతే 1,20,000 కావాలి. సున్నా సబ్‌స్క్రైబర్లతో మొదలుపెట్టినవాడికి ఇది గుట్ట ఎక్కడమే. అందుకే మావాడు ఎస్టాబ్లిష్డ్ ఛానల్‌కి ఇవ్వడం తెలివితక్కువ పనేం కాదు. వాళ్ళ దగ్గర జనం ఉన్నారు, మా దగ్గర పాట ఉంది.

సరే, 12 లక్షల వ్యూస్‌కి ఎంతొచ్చుంటుంది? ఈ రేటు దేశాన్ని బట్టి, సీజన్‌ని బట్టి, ప్రకటనల్ని బట్టి మారుతుంది. లెక్క కోసం వెయ్యి వ్యూస్‌కి 20 రూపాయలు చేతికొచ్చాయనుకుందాం. 12 లక్షలకి 24,000. మా ఖర్చు 38,000. అంటే ఆ డబ్బు మొత్తం మాకే ఇచ్చినా ఇంకా 14,000 నష్టమే!

ఈ లెక్క వేశాక రూమ్‌లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఛానల్ వాళ్ళు మా లక్షలు తినేశారని తిట్టుకుంటున్నాం అప్పటిదాకా. అసలక్కడ లక్షలు లేనే లేవు.

షార్ట్స్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. పాట వాడిన షార్ట్‌కి వచ్చే డబ్బులో కొంత ముందే సంగీతం హక్కుల కోసం పక్కన పెడతారు. ఒక పాట వాడితే సగం, రెండు పాటలైతే మూడింట రెండొంతులు. మిగిలినదాంట్లో 45 శాతం ఆ షార్ట్ చేసినవాళ్ళకి. పొడుగు వీడియోల విషయానికొస్తే, ఎవరైనా మన పాట పెట్టుకుంటే దాన్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ ఉంది. అది పట్టుకున్నప్పుడు ఆ వీడియోని ఆపెయ్యొచ్చు, లేదా దాని ప్రకటనల డబ్బు మనవైపు మళ్ళించుకోవచ్చు. "మనవైపు" అంటే హక్కులు ఎవరి పేరు మీదుంటే వాళ్ళవైపు. పెళ్ళి వీడియోల్లో మావాడి పాట ఎన్నిసార్లు మోగినా, ఆ దారిలో వచ్చేదేదైనా హక్కున్నవాళ్ళకే.

అసలు సంపాదన వీడియో బయట

మరి అందరూ ఎందుకు తీస్తున్నారు? ఎందుకంటే చిన్న కళాకారుడికి వీడియో జీతం కాదు, విజిటింగ్ కార్డు.

రాహుల్ సిప్లిగంజ్‌ని చూడండి. హైదరాబాద్ పాతబస్తీ కుర్రాడు. సినిమాల్లో పాడుతూనే, సొంతంగా యూట్యూబ్‌లో మ్యూజిక్ వీడియోలు చేసి తన ముఖాన్ని, తన యాసని జనానికి అలవాటు చేశాడు. 2019లో బిగ్‌బాస్ గెలిచాడు. 2021 నవంబరులో 'నాటు నాటు' లిరికల్ వచ్చింది, 2023 మార్చిలో ఆ పాటకి ఆస్కార్ వచ్చింది, కాలభైరవతో కలిసి ఆ వేదిక మీద పాడాడు. ఆస్కార్‌కి కారణం యూట్యూబ్ వీడియోలని నేననను. కానీ అవి లేకపోతే రాహుల్ అంటే ఎవరో జనానికి గొంతుగా మాత్రమే తెలిసేది.

మోహన భోగరాజు ఇంకో ఉదాహరణ. 'బాహుబలి'లో 'మనోహరి' పాడిన గొంతు ఆమెదే. పాట అందరికీ తెలుసు, ఆమె ఎంతమందికి తెలుసు? 2021లో 'బుల్లెట్టు బండి' వీడియో వచ్చింది. లక్ష్మణ్ రాసిన ప్రైవేట్ పాట, వీడియోలో ఆమే కనిపిస్తుంది. ఆ ఏడాది ఒక పెళ్ళి బరాత్‌లో పెళ్ళికూతురు ఆ పాటకి డాన్స్ చేసిన క్లిప్ ఫోన్లన్నీ చుట్టేసింది. ఆ క్లిప్ ఎవరూ డబ్బిచ్చి చేయించిన ప్రకటన కాదు. అప్పట్నుంచి ఆ పాట లేని బరాత్ లేదంటే అతిశయోక్తి కాదు. సినిమాలో పాడినప్పుడు దొరకని గుర్తింపు ప్రైవేట్ వీడియోలో దొరికింది.

మంగ్లీ ప్రయాణం కూడా ఇలాంటిదే. టీవీలో తీన్మార్ వార్తల నుంచి బతుకమ్మ పాటలు, పండగ పాటల వీడియోలు, అక్కణ్ణుంచి సినిమా పాటలు, స్టేజీ షోలు.

గమనిస్తే డబ్బు వచ్చే దార్లు వీడియో బయటే ఎక్కువ ఉన్నాయి. బతుకమ్మ, బోనాలు, వినాయక చవితి సీజన్లో స్టేజీ ప్రోగ్రాములు, పెళ్ళి సంగీత్‌లు, కాలేజీ ఫెస్టులు, ఎన్నికల పాటలు, సినిమా అవకాశాలు, విదేశాల్లో తెలుగు సంఘాల కార్యక్రమాలు. వీటన్నిటికీ ఫోన్ రావాలంటే ఒకటే కావాలి. పాట విన్నవాడికి పాడినవాడి పేరు తెలియాలి. మావాడు పోగొట్టుకున్నది ఆ 24,000 కాదు. "ఆ పాట పాడిన తమ్ముడి నంబర్ కావాలి" అని ఎవరైనా అడగాలన్నా, ఆ తమ్ముడెవరో తెలిసే దారే లేకుండా పోయింది.

పాట ఎవరిది?

ఇక్కడే అసలు చిక్కు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా నుంచి 'సారంగ దరియా' వచ్చింది. జానపద పల్లవి తీసుకుని సుద్దాల అశోక్ తేజ గారు రాశారు, మంగ్లీ పాడింది, వ్యూస్ కోట్లలోకి వెళ్ళాయి. అంతకుముందే ఒక టీవీ కార్యక్రమంలో ఆ జానపదాన్ని పాడిన కోమలి అనే గాయని తనకి గుర్తింపు దక్కలేదని ముందుకొచ్చింది. దాని మీద పెద్ద చర్చే జరిగింది. జానపదం అందరిదీ. కానీ అందరిదీ అయిన పాట మీద కోట్ల వ్యూస్ వచ్చినప్పుడు, ఆ పాటని ఇంతదాకా మోసుకొచ్చినవాళ్ళకి ఏం దక్కాలి? దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. కనీసం పేరు దక్కాలని మాత్రం గట్టిగా అనుకుంటాను.

సొంతంగా రాసుకున్న పాట విషయంలో మాత్రం చట్టం చాలా స్పష్టంగా ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం ఒక పాటలో మూడు ఆస్తులున్నాయి. సాహిత్యం రాసినవాళ్ళది, బాణీ కట్టినవాళ్ళది. రికార్డింగ్ మాత్రం దాన్ని చేయించడానికి పూనుకుని బాధ్యత తీసుకున్న నిర్మాతది. 2012లో వచ్చిన సవరణ ఇంకో మేలు చేసింది. సినిమా పాటైనా సరే, థియేటర్‌లో సినిమాతో పాటు వేసినప్పుడు తప్ప, మిగతా వాడకాలకి వచ్చే రాయల్టీలో రచయితకి, స్వరకర్తకి సమాన వాటా హక్కుంటుంది. ఆ హక్కుని కంపెనీకి వదులుకుంటున్నానని సంతకం పెట్టినా చెల్లదు. ప్రైవేట్ పాటలకి కూడా ఈ రక్షణ ఉంది. ఈ రాయల్టీలు వసూలు చేసి పంచడానికి 1969 నుంచి ఐపీఆర్ఎస్ అనే సంస్థ ఉంది. పాటలు రాసేవాళ్ళు, బాణీలు కట్టేవాళ్ళు అందులో సభ్యులుగా చేరొచ్చు.

హక్కులు ఇచ్చే కాగితం గురించి 19వ సెక్షన్ చెప్పేది మనందరికీ పనికొస్తుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. రాయల్టీ ఎంతో, ఎన్నాళ్ళకో, ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయాలి. గడువు రాయకపోతే 5 ఏళ్ళని అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అనుకోవాలి.

కాబట్టి సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. టైటిల్‌లోనూ వీడియో మొదట్లోనూ నా పేరు ఉంటుందా? ఎన్నేళ్ళకి ఇస్తున్నాను? రికార్డింగ్ నాదా, మీదా? ఆదాయంలో నా వంతు ఎంత, లెక్క ఎప్పుడు చూపిస్తారు? ఇవి అడిగితే పాట వద్దంటారేమోనని భయపడకండి. వద్దంటే, పాట ఇంకా మీ దగ్గరే ఉంటుంది.

మా కాగితం సంగతి

ఇదంతా చదివాక మావాడి ట్రంకుపెట్టెలోంచి ఆ ఒక పేజీ కాగితం బయటికి తీశాం. "సర్వహక్కులు" అన్న మాట ఉంది. డబ్బు ఊసు లేదు, పేరు ఊసు లేదు. కానీ గడువు ఊసు కూడా లేదు! అంటే చట్టం ప్రకారం 5 ఏళ్ళే. వాడికిప్పుడు 21. ఇరవై ఆరేళ్ళొచ్చేసరికి వాడి పాట మళ్ళీ వాడికొస్తుంది. ఆ మాట చెప్తే వాడు చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. తర్వాత, "అప్పటికి మరదలికి పెండ్లయిపోతది రా" అని నవ్వాడు.

కొత్త పాట మొదలైంది. ఈసారి డ్రోన్ లేదు, డాన్సర్లు లేరు. హాస్టల్ టెర్రస్ మీద, ఒక ఫోన్ కెమెరాతో, వాడు నిలబడి పాడతాడు అంతే. ఖర్చు మైకు అద్దె 1,500. సొంత ఛానల్ పెట్టాం, ఇప్పటికి 212 మంది సబ్‌స్క్రైబర్లు. అందులో సగం మన కాలేజీ వాళ్ళే. వీడియో మొదటి అయిదు సెకన్లలో తెర మీద పెద్ద అక్షరాలతో వాడి పేరు పడుతుంది. ఇంటిపేరు స్పెల్లింగ్ నేనే రెండుసార్లు సరిచూశాను.